మ్యాగజైన్ ఒక మానిక: ఎయిర్‌సాఫ్ట్ ఆటలో గుండ్ల పరిమితి

నమూనా తుపాకులతో ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకుంటూ రెండు జట్లు ఆడే ఆట ఎయిర్‌సాఫ్ట్. ఆ తుపాకీకి గుండ్లు అందించే డబ్బాను మ్యాగజైన్ అంటారు. ఎక్కువ గుండ్లు పట్టే హైక్యాప్ మ్యాగజైన్‌ను చేత్తో పట్టుకుని ఊపితే గలగలా మోగుతుంది. లోపలి అరలో మూడు వందలకు పైగా ప్లాస్టిక్ గుండ్లు వదులుగా పడి ఉంటాయి. అడుగున ఉన్న పళ్ల చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉంటే అవి కొన్నికొన్నిగా పైకి చేరతాయి. మిడ్‌క్యాప్ మ్యాగజైన్‌ను అలాగే ఊపితే పెద్దగా చప్పుడు రాదు. అందులో నూరో, నూట ఇరవయ్యో గుండ్లు ఒకే సన్నని దారిలో, స్ప్రింగు నెట్టుడుకు ఒకదాని వెనక ఒకటి బిగిసి నిలబడి ఉంటాయి. ఆదివారం పూట ఇరవై మందిని పోగేసి ఆట పెట్టాలనుకునేవారు మొదట తేల్చుకోవలసిన సంగతుల్లో ఈ రెండింటి తేడా ఒకటి. పైకి ఇది అంకెల తేడాలాగే కనిపిస్తుంది గాని, ఆట నడిచే తీరంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ఆటలో వాడే గుండును అందరూ బీబీ అంటారు. దాని అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు, బరువు సాధారణంగా 0.20 నుంచి 0.30 గ్రాముల వరకు ఉంటుంది. జపాన్‌లో పుట్టిన ఈ ఆటకు టోక్యో మారుయి సంస్థ 1991లో బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రిక్ తుపాకీని తెచ్చింది. ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటే చాలు, గుండ్లు వరసగా వెళ్లిపోవడం అప్పటి నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చింది. మామూలు ఎలక్ట్రిక్ తుపాకీ సెకనుకు దాదాపు 15 గుండ్లు వదులుతుంది. ఆ లెక్కన 300 గుండ్ల హైక్యాప్ ఇరవై సెకన్లు, 120 గుండ్ల మిడ్‌క్యాప్ ఎనిమిది సెకన్లు, అసలు తుపాకీలో పట్టినన్నే పట్టే 30 గుండ్ల రియల్‌క్యాప్ రెండే రెండు సెకన్లు వస్తాయి. పరిమితి గురించి మాట్లాడేటప్పుడు గుండ్ల సంఖ్య కన్నా ఈ సెకన్లే మనసులో ఉంచుకోవడం మేలు, ఎందుకంటే చెట్టు చాటున నక్కిన ఆటగాడు ఎదుటివాడి మ్యాగజైన్‌లో ఎన్ని గుండ్లున్నాయో లెక్కపెట్టడు. ఎదుటి మోత ఎప్పుడు ఆగుతుందా అనే చూస్తాడు.

మోత ఆగే ఆ క్షణమే ఈ ఆటకు ప్రాణం. మ్యాగజైన్ తీసి, నడుముకున్న సంచిలోంచి ఇంకొకటి లాగి, దాన్ని తుపాకీలోకి నెట్టడానికి చెయ్యి తిరిగిన వాడికి మూడు నాలుగు సెకన్లు, కొత్తవాడికి పది సెకన్లు పట్టవచ్చు. ఎదుటి జట్టువాడు ఒక మామిడి చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పరుగెత్తడానికి ఆ వ్యవధి చాలు. అందరి చేతుల్లోనూ హైక్యాప్‌లే ఉంటే ఆ సందు దొరకడమే అరుదైపోతుంది. అప్పుడు ఆట రెండు గట్ల మీద నిలబడి ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకున్నట్టు సాగుతుంది. కదిలినవాడు దెబ్బ తింటాడు గనక ఎవరూ కదలరు. పన్నాగం పన్నినా, చుట్టు తిరిగి వెనక నుంచి వచ్చినా, పక్కవాడితో సైగలతో మాట్లాడుకున్నా వాటికి ఫలితం దక్కదు.

జొన్నచేను కాసేవాడు మంచె మీద కూర్చుని వడిసెల తిప్పడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పక్కన రాళ్ల గుట్ట ఉన్నంతసేపూ పిట్ట వాలినా, వాలకపోయినా రాయి విసురుతూనే ఉంటాడు. ఒడిలో నాలుగే రాళ్లు మిగిలినప్పుడు మాత్రం పిట్ట ఎక్కడ వాలిందో చూసి, గాలి ఎటు ఉందో చూసి అప్పుడు విసురుతాడు. ఎయిర్‌సాఫ్ట్‌లో పరిమితి పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే. దీన్ని పిసినారితనంగానో, నిర్వాహకుల పెత్తనంగానో చూసేవారు ఆటలో తమ గురి తమకు పనికొచ్చే అవకాశాన్నే వదులుకుంటున్నారు.

అయితే పరిమితి దేని మీద పెట్టాలన్న దగ్గర చాలా బృందాలు తడబడతాయి. ఒక మనిషి రోజంతటిలో కాల్చే మొత్తం గుండ్ల మీద పెట్టవచ్చు, ఒక మ్యాగజైన్‌లో పట్టే గుండ్ల మీద పెట్టవచ్చు, మైదానంలోకి ఒకసారి తీసుకువెళ్లే మ్యాగజైన్ల సంఖ్య మీదా పెట్టవచ్చు. ఈ మూడూ ఒకటి కావు. 'రోజుకు మనిషికి వెయ్యి గుండ్లు' అని మాత్రమే నియమం పెడితే, మొదటి ఆటలోనే ఏడు వందలు కుమ్మరించి, మధ్యాహ్నానికి ఖాళీ తుపాకీతో నిలబడేవారు తప్పకుండా తేలతారు. ఉదయం ఆటలో పరిమితి లేనట్టే ఉంటుంది, మధ్యాహ్నం ఆటలో ఆటగాళ్లే ఉండరు. పైగా ఆ వెయ్యిని ఎవరు లెక్కపెడతారు? ఎయిర్‌సాఫ్ట్‌లో దెబ్బ తగిలితే రంగు అంటదు. తగిలినవాడే చెయ్యెత్తి 'హిట్' అని ఒప్పుకుని బయటికి నడవాలి. నిజాయతీ మీద ఇంతగా ఆధారపడిన ఆటలో, ఎవరూ సరిచూడలేని నియమం ఇంకొకటి చేర్చితే ఆ నిజాయతీ మీద మోయలేని బరువు పెట్టినట్టవుతుంది.

మ్యాగజైన్ ఒక మానిక లాంటిది అనుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. ధాన్యం కొలిచేవారు గింజలు లెక్కపెట్టరు. సోలలు, తవ్వలు, మానికలు లెక్కపెడతారు. అలాగే ఆట మొదలయ్యే ముందు మార్షల్, అంటే ఆటను పర్యవేక్షించేవాడు, ప్రతి ఆటగాడి నడుము సంచులు తట్టి చూసి, నాలుగు మిడ్‌క్యాప్‌లు ఉన్నాయో, అయిదు ఉన్నాయో చెప్పేయగలడు. మనిషికి అర నిమిషం కూడా పట్టదు. హైక్యాప్‌తో ఈ పని కుదరదు. అది కొలపాత్ర కాదు, బస్తా. 'హైక్యాప్ తెచ్చుకోండి గాని అందులో వంద గుండ్లే పోసుకోండి' అనే రాజీ అప్పుడప్పుడూ వినిపిస్తుంది. మూడు వందలు పట్టే అరలో వంద ఉన్నాయో, రెండు వందలు ఉన్నాయో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు గనక ఆ రాజీ మొదటి గంటలోనే గొడవలకు దారి తీస్తుంది. హైక్యాప్‌ను పక్కన పెట్టడానికి అసలు కారణం అందులో ఎక్కువ గుండ్లు పట్టడం కన్నా, ఎన్ని ఉన్నాయో తేల్చలేకపోవడమే. పరిమితి లేని సరదా ఆటలో హైక్యాప్ వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

రెండో చివరన రియల్‌క్యాప్ పట్టుదల ఉంటుంది. సైనిక చర్యను అనుకరించే ఆటలు పెట్టేవారు అసలు తుపాకీలో ఎన్ని తూటాలు పడతాయో మ్యాగజైన్‌లో అన్నే ఉండాలంటారు. అమెరికా సైనికుడు మామూలుగా 30 తూటాల మ్యాగజైన్లు ఏడు, అంటే 210 తూటాలు వెంట ఉంచుకుంటాడు. ఇలాంటి ఆటల నియమాలు కొన్నిటికి ఆ లెక్కే ఆధారం. మన ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్‌లో 20 తూటాలే పడతాయి కాబట్టి, ఆ నమూనా తుపాకీ పట్టుకున్నవాడు ఈ లెక్కలో ఇంకా తక్కువతో సరిపెట్టుకోవాలి. అంకెలకు అంకెలు సరిపోయినంత మాత్రాన అనుకరణ పూర్తి కాదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. ఇన్సాస్ తూటా నాలుగు వందల మీటర్ల దాకా గురి నిలుపుకుంటుంది, ఆకుల్ని చీల్చుకుంటూ పోతుంది. బీబీ యాభై అరవై మీటర్లు దాటితే గాలికి తేలిపోతుంది, ఒక్క చిన్న రెమ్మ తగిలినా పక్కకు ఒరిగి పడిపోతుంది. అసలు తుపాకీతో ఒక తూటా చేసే పనికి ఇక్కడ అయిదారు గుండ్లు కావాలి. కాబట్టి తూటాకు గుండు చొప్పున లెక్క కట్టడం కొలతలో న్యాయంగా కనిపించినా, ఆటలో అన్యాయమే అవుతుంది.

ఇది కాగితం మీది వాదన కాదని తెలుసుకోవాలంటే విజయవాడ చుట్టుపక్కల ఏ బీడులోనైనా సర్కారు తుమ్మ పొద ముందు నిలబడి నాలుగు గుండ్లు కాల్చి చూస్తే చాలు. పొద అవతల మనిషి చొక్కా రంగు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. గుండ్లు మాత్రం ఆ సన్నని ఆకుల్లో చిటచిటమని తగిలి, పొదలోనే రాలిపోతాయి. పదింట ఒకటి అవతలికి చేరితే గొప్ప. అలాంటి చోట 30 గుండ్ల రియల్‌క్యాప్‌లు పెడితే ఆటగాళ్లు పొదలతో పోరాడి అలిసిపోవడమే మిగులుతుంది. అక్కడ 120 గుండ్ల మిడ్‌క్యాప్‌లు నాలుగైదు ఇవ్వడం సబబు. నున్న, నూజివీడు వైపు మామిడి తోటల సంగతి వేరు. పెద్ద చెట్ల కింద నేల శుభ్రంగా, మోకాలి నుంచి తలెత్తు దాకా చూపుకు అడ్డం లేకుండా ఉంటుంది, మొదళ్లు వరసల్లో ఉంటాయి. ముప్పై నలభై మీటర్ల దూరంలో గురి చూసి కొట్టినవాడికి ఫలితం దక్కుతుంది. అక్కడ 60 లేదా 70 గుండ్ల మ్యాగజైన్లు మూడు చాలు. వీలైతే రియల్‌క్యాప్‌లు ఆరేడు పెట్టినా ఆట బాగా రక్తి కడుతుంది. సగంలో ఆగిపోయిన భవనాల్లో, గోడౌన్లలో ఆడేవారికి గుండ్ల సంఖ్య కన్నా ఒక్కో నొక్కుకు ఒక్కో గుండు అనే నియమమే ముఖ్యం. అయిదు మీటర్ల దూరంలో వరసగా వచ్చే పదిహేను గుండ్లు ఒంటి మీద పడితే అది ఆట అనిపించదు.

అంటే ఇక్కడ నేల స్వభావమే అంకెను నిర్ణయిస్తుంది. ఇంకెక్కడో రాసుకున్న నియమాల పత్రాన్ని తెచ్చి మన బీడులో అమలు చేయబోయే ముందు, ఆ పత్రం రాసినవారి మైదానంలో ఏ చెట్లున్నాయో ఒకసారి ఆలోచించుకోవాలి.

పరిమితి మరీ బిగిస్తే ఇంకో ప్రమాదం ఉంది. ముందుకు వెళ్లేవాడికి వెనక నుంచి ఎవరో ఒకరు కాల్పులతో అండగా ఉండాలి. చేతిలో అరవై గుండ్లే ఉన్నప్పుడు పక్కవాడి కోసం ఇరవై ఖర్చు చేయడానికి ఎవరికీ మనసు ఒప్పదు. అండ లేదు గనక ఎవరూ ముందుకు పోరు. విచిత్రమేమిటంటే, గుండ్లు మరీ ఎక్కువైనప్పుడు వచ్చిన నిశ్చలతే గుండ్లు మరీ తక్కువైనప్పుడూ వస్తుంది. జెండా తేవడం, కాపలా ఉన్న పెట్టెను చేరుకోవడం వంటి లక్ష్యం ఆటలో ఉంటే తక్కువ గుండ్లతోనూ కదలిక ఉంటుందనడానికి ఎయిర్‌సాఫ్ట్‌కు దగ్గరి చుట్టమైన, రంగు నింపిన బంతులు కాల్చుకునే పెయింట్‌బాల్ చరిత్రలోనే ఉదాహరణ దొరుకుతుంది. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది ఆడిన తొలి ఆటలో, చెట్లకూ పశువులకూ రంగు గుర్తులు వేయడానికి తయారైన పిస్తోళ్లే వాడారు. అందులో గెలిచినవాడు ఒక్క గుండు కూడా కాల్చకుండా జెండాలన్నీ పోగు చేసుకుని బయటికి వచ్చాడు. ఎదుటివాళ్లను పడగొట్టడమే లక్ష్యంగా ఉన్న ఆటలో మాత్రం గుండ్లు తగ్గించేకొద్దీ అందరూ చెట్టుకు అతుక్కుపోతారు. అందుకే పరిమితి అంకెను, ఆట లక్ష్యాన్ని వేర్వేరుగా నిర్ణయించడం పొరపాటు.

మోసుకెళ్లే గుండ్లను తక్కువగా ఉంచి, తిరిగి నింపుకునే దారి తెరిచి ఉంచడం చాలా సందర్భాల్లో మంచి మార్గం. దెబ్బ తిన్నవాడు స్థావరానికి వెళ్లి మళ్లీ ఆటలోకి వచ్చే పద్ధతిని రెస్పాన్ అంటారు. అలా వచ్చినవాడికి ప్రాణం తిరిగి వస్తుంది గాని గుండ్లు తిరిగి రాకూడదు. నింపుకోవాలంటే బతికి ఉండగానే స్థావరానికి నడిచి రావాలి, లేదా జట్టులో ఒకరు మోసుకొచ్చే పెట్టె దగ్గరికి చేరాలి. మ్యాగజైన్ నింపే పరికరమైన స్పీడ్‌లోడర్ ఒక్కో నొక్కుకు నాలుగైదు గుండ్లనే లోపలికి నెడుతుంది గనక 120 గుండ్ల మిడ్‌క్యాప్ ఒకటి నింపడానికి పాతిక, ముప్పై నొక్కులు కావాలి. నాలుగు నింపేసరికి రెండు మూడు నిమిషాలు దాటుతాయి. ఆ కాసేపు ఆ జట్టుకు ఒక మనిషి తక్కువ. ఎవరు ఎప్పుడు వెనక్కి వెళ్లాలి, వెళ్లినవాడి చోటు ఎవరు కాయాలి, తన దగ్గరున్న చివరి మ్యాగజైన్‌ను పక్కవాడికి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నలు అప్పుడే పుడతాయి. ఇరవై మంది విడివిడి ఆటగాళ్లు రెండు జట్లుగా మారేది ఈ ప్రశ్నల దగ్గరే. గుండ్ల పెట్టెనే మైదానం మధ్యలో ఉంచి, దాన్ని చేజిక్కించుకున్న జట్టుకే నింపుకునే హక్కు ఇస్తే ఆట ఇంకా పదునెక్కుతుంది.

లైట్ మెషిన్ గన్ నమూనాల విషయంలో మినహాయింపు తప్పదు. వాటి బాక్స్ మ్యాగజైన్లలో రెండు వేలకు పైగా గుండ్లు పడతాయి, మోటారు వాటిని పైకి తోస్తుంది. బరువైన తుపాకీ మోస్తూ, వేగంగా కదలలేక, జట్టుకు అండగా నిలబడే పాత్ర అది. ఆ పాత్రకు మిడ్‌క్యాప్ పరిమితి పెడితే పాత్రే లేకుండా పోతుంది. అలాగని ఎంతమంది తెచ్చుకుంటే అంతమందికి అనుమతిస్తే మిగతావారికి పెట్టిన పరిమితికి అర్థం ఉండదు. పది మంది జట్టుకు ఒక్కటే అనీ, బాక్స్‌లో పోసే గుండ్లను తూకం వేసి ఇస్తామనీ ముందే చెప్పడం ఉత్తమం. తూకం అన్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం: 0.25 గ్రాముల గుండ్లు వెయ్యి తూస్తే పావు కిలో, అదే పావు కిలోకు 0.20 గ్రాములవి 1,250 వస్తాయి. కాబట్టి ఆ రోజు ఆటలో అందరూ ఒకే బరువు గుండ్లు వాడితేనే వంటింటి తూకంతో న్యాయం జరుగుతుంది. స్నైపర్లకు, పిస్తోళ్లకు పరిమితి గురించి పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఒక్కో గుండుకు ఒకసారి బోల్టు లాగవలసినవాడికి ఆ తుపాకే పరిమితి పెడుతుంది.

డబ్బు సంగతి కూడా ఇందులో ఉంది. మన దగ్గర పెయింట్‌బాల్ ఆడించే చోట్ల టికెట్టుకు ఇన్ని బంతులు అని ఇచ్చి, అయిపోతే మళ్లీ కొనుక్కోమంటారు. అక్కడా పరిమితి ఉన్నట్టే కనిపిస్తుంది, కాని దాన్ని పెట్టేది ఆటగాడి జేబు. హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడు నలభై బంతులతో దాక్కుంటూ ఉంటే, డబ్బున్నవాడు రెండు వందలతో నడిచి వచ్చేస్తాడు. మైదానం నడిపేవారికి ఎక్కువ కాల్చడంలోనే లాభం ఉంటుంది గనక, తక్కువ కాల్చమనే నియమం వారి నుంచి రావడం కష్టం. ఎయిర్‌సాఫ్ట్‌లో ఒక్కో గుండు ధర చాలా తక్కువ కాబట్టి ఈ తేడా అంతగా కనిపించదు గాని, మ్యాగజైన్ల ధరలో కనిపిస్తుంది. ఏడు రియల్‌క్యాప్‌లు కొనుక్కోవడం అందరి వల్లా కాదు. నియమం పెట్టిన బృందమే కొన్ని మ్యాగజైన్లు ఉమ్మడిగా కొని, లేనివారికి ఆ రోజుకు ఇవ్వడం తన బాధ్యతగా తీసుకోవాలి. కొత్తగా వచ్చినవారు మొదటి అయిదు నిమిషాల్లోనే ఉన్నదంతా కాల్చేస్తారు. వారికి పెద్ద మ్యాగజైన్ ఇవ్వడం కన్నా, స్థావరంలో ఒకటి రెండుసార్లు అదనంగా నింపుకోనివ్వడం వల్ల ఆట త్వరగా పట్టుబడుతుంది.

నేలకు జరిగే నష్టం ఈ చర్చలో చివరికి నెట్టేయదగ్గది కాదు. ఇరవై మంది తలా రెండు వేల గుండ్లు కాలిస్తే నలభై వేలు, 0.25 గ్రాముల లెక్కన పది కిలోల ప్లాస్టిక్ ఒక పూటలో ఒక తోటలో చల్లినట్టు. తలా ఆరు వందలకు కట్టడి చేస్తే అది మూడు కిలోలకు దిగుతుంది. గుంటూరు వైపు నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోకి జారిన 6 మిల్లీమీటర్ల గుండును ఎవరూ ఏరలేరు, తొలకరికి మట్టి మూసుకుని అది లోపలే ఉండిపోతుంది. మేతకు వచ్చే గేదెలు, వాలే పక్షులు ఉన్న పొలంలో ఈ ఆలోచన తప్పనిసరి. మట్టిలో కలిసిపోతాయనే బయో గుండ్లు వాడితే సరిపోతుందన్న భరోసా పూర్తిగా నమ్మదగ్గది కాదు. వాటిలో ఎక్కువ భాగం పీఎల్ఏ అనే పదార్థంతో చేస్తారు. అది త్వరగా కుళ్లాలంటే పరిశ్రమల కంపోస్టు గుంటల్లో ఉండే 58 డిగ్రీల దరిదాపు వేడి, తేమ కలిసి ఉండాలి. మామూలు పొలంలో ఆ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. పైగా పీఎల్ఏ 55, 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి అవలీలగా వస్తుంది. అలా ఉంచిన సంచిలోని గుండ్లు ఆకారం తప్పితే మ్యాగజైన్ గొంతులోనో, తుపాకీ గొట్టంలోనో ఇరుక్కుంటాయి. వానాకాలం గాలిలోని తేమకు అవి ఉబ్బుతాయి కాబట్టి తెరిచిన సంచి గట్టిగా మూసి ఉంచాలి. నేలను కాపాడడానికి ఇప్పటికి నమ్మదగిన ఉపాయం తక్కువ కాల్చడమే.

దెబ్బ బలం మీద చట్టాలు పెట్టే హద్దులు వేరు. జపాన్ 2006లో ఈ గుండ్ల శక్తికి దాదాపు ఒక జౌల్ (శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర గీత గీసింది, బ్రిటన్ 2017 చట్టంలో వరసగా కాల్చే వాటికి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా కాల్చే వాటికి 2.5 జౌళ్లు అని నిర్ణయించింది. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనలు ఏమంటున్నాయో తెలిసినవారి చేత చదివించుకుని, స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి, నమూనా తుపాకులను కప్పిన సంచుల్లోనే తీసుకువెళ్లడం ఆటకు మొదటి మెట్టు. గుండ్ల పరిమితి ఎంత బాగా పెట్టినా కంటి రక్షణకు అది బదులు కాదు. ఒక్క గుండు కూడా కన్ను తీయగలదు; మైదానంలో అద్దాలు తీయడానికి ఏ కారణమూ చాలదు.

ఇక పెట్టిన అంకె సరైనదో కాదో తెలుసుకోవడం ఎలా అన్నది మిగిలింది. ఆట అయ్యాక ప్రతి ఆటగాడూ తన మ్యాగజైన్లలో మిగిలిన గుండ్లను ఒక స్టీలు గ్లాసులోకి దులిపి, తూకం వేయించుకుని, మార్షల్ పుస్తకంలో రాయించాలి. అద్దాలు తుడుచుకుంటూ, మజ్జిగ తాగుతూ చేసే పని, మొత్తం పది నిమిషాలు. చాలామంది దగ్గర సగానికి పైగా మిగిలితే పరిమితి వదులుగా ఉన్నట్టు, లేదా ఆటలో కదలిక లేనట్టు. ఆట సగంలోనే ఎక్కువమంది ఖాళీ అయి స్థావరం దగ్గర వరస కట్టారంటే అది ఆ నేలకు మరీ బిగుతు. మూడు ఆదివారాల అంకెలు పక్కపక్కన ఉంటే నాలుగో ఆదివారానికి మనిషికి ఒక మ్యాగజైన్ పెంచాలో తగ్గించాలో ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది. తోట మారిస్తే మాత్రం మళ్లీ కొత్త పేజీ మొదలుపెట్టాలి.